నలభై ఏడు సెకన్లు

పెద్దమేడం ముందుగా కిటికీని గుర్తుపట్టింది. కింది వరసలో పగిలిపోయిన అద్దం, దాని స్థానంలో అంటించిన పాత కేలెండరు అట్ట, అట్టమీద ఏదో తేదీ చుట్టూ ఎర్రసిరాతో సున్న. అలాంటి కిటికీ లోకంలో ఒక్కటే ఉంది. అది తను హెడ్డుగా ఉన్న బడిలో, ఆరో తరగతి గదిలో ఉంది.

శిక్షణహాలు తెరమీద ఒక టీచరు బోర్డు పక్కన నిలబడి ఉంది. మొహాన్ని మసకగా చేసేశారు. చేతిలో సుద్దముక్క, బోర్డుమీద రెండు భిన్నాలు. ఒకటి మూడో వంతు, ఇంకోటి నాలుగో వంతు. "రెండింట్లో ఏది పెద్దది?" అని అడిగి, ఆవిడ ఎడంచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయింది. పిల్లలు కనిపించడం లేదు. ఎవరూ మాట్లాడటం లేదు. తెర మూలన ఎర్రంకెలు పరిగెడుతున్నాయి. పది, పదిహేను, ఇరవై. వీడియోకి ఎవరో గోడగడియారం చప్పుడు జతచేశారు.

ముప్పై దగ్గర హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నలభై అయ్యేసరికి అందరూ నవ్వుతున్నారు. నలభై ఏడు దగ్గర బొమ్మ ఆగిపోయి, తెరనిండా అక్షరాలు పడ్డాయి: "వృథా అయిన సమయం: 47 సెకన్లు."

"ఇది ఒక్క పీరియడ్లో. ఏడాదికి ఎంతవుతుందో లెక్కేసుకోండి," అన్నాడు శిక్షకుడు. అతనికి ముప్పై దాటి ఉండవు. స్లయిడ్లు మార్చే రిమోటును టీ తాగేటప్పుడు కూడా చేతిలోంచి వదలడు. అందుకని శిక్షణ మొదటిరోజే హెడ్మాస్టర్లంతా కలిసి అతనికి 'రిమోటు' అని పేరు పెట్టేశారు.

"ఈవిడ నిలబడే కునుకు తీస్తున్నట్టుందే," అన్నాడు పక్క కుర్చీలోని మీసాలాయన. ఆయన పక్క పేటలోని బడికి హెడ్మాస్టరు. నోరు తెరిస్తే నవ్వించకుండా మూయడు. "గడియారం టీచరు!"

ఆ పేరు వరస తర్వాత వరస పాకి వెనక్కి వెళ్లింది.

పెద్దమేడానికి నవ్వు రాలేదు. నవ్వకపోతే ఎవరైనా చూస్తారేమోనని పెదాలు కాస్త సాగదీసింది. ఆ వీడియో తీసింది తనే. మూడు నెలల కిందట ఆ గదిలో వెనకబెంచీ మీద కూర్చుని తన ఫోనుతో తీసింది. "ఇది మనిద్దరికే టీచర్ గారూ, తీరిగ్గా కూర్చుని చూసుకుందాం" అని చెప్పి మరీ తీసింది. ఆ తీరిక ఇద్దరికీ దొరకనే లేదు.

కాగితాలు పంచారు. 'ఈ పాఠంలో మీరు గమనించిన లోపాలు రాయండి' అని పైన ఉంది. మీసాలాయన చకచకా తొమ్మిది రాసేసి, పదోదాని కోసం పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. పెద్దమేడం కాగితంమీద తన బడి పేరు రాసి, దాన్ని కొట్టేసి, ఇంకేమీ రాయకుండా మడిచి ఇచ్చేసింది.

టీ విరామంలో రిమోటును వరండా చివర పట్టుకుంది.

"ఆ మూడో క్లిప్పు మీకెక్కడిదండీ?"

"బడులనుంచి వచ్చిందే మేడం. హెడ్డులందరూ అప్‌లోడ్ చేశారు కదా, వాటిల్లోంచి ఏరాను."

"అది నేను పంపింది."

"అవునా! థాంక్సండీ. చాలా పనికొచ్చింది."

అతని మొహంలోది నిజమైన సంతోషమే.

"ఆ టీచరు ఇక్కడే ఉంది," అంది గొంతు తగ్గించి. "పై అంతస్తులో. టీచర్ల బ్యాచీలో."

అతను టీ కప్పు కిటికీగట్టు మీద పెట్టాడు. "మొహం కనపడదుగా మేడం."

"గొంతు వినపడుతోందిగా."

"గొంతుని ఎవరు గుర్తుపడతారండీ?"

"ఆవిడ గుర్తుపడుతుంది."

అతను రిమోటును అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "అయిదోరోజు రెండు బ్యాచీలనీ కలిపి కూర్చోబెడుతున్నాం. ఆఖరి సెషన్లో ఈ క్లిప్పే ముఖ్యం. డైరెక్టరుగారు చూసి సరేనన్నాక నా అంతట నేను తీసెయ్యలేను. ఆయన్ని అడిగి చూడండి."

"పోనీ, నలభై ఏడు సెకన్ల దగ్గరే ఎందుకు కోసేశారు? ఆ తర్వాత కూడా ఉంది కదా."

"నిడివి మేడం. ఏ క్లిప్పూ నిమిషం దాటకూడదు."

ఆ రెండోరోజు సాయంత్రం పెద్దమేడం బస్సుస్టాపులో లెక్కల టీచరు కోసం చూసింది. మొదటిరోజు ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని వచ్చారు. ఉడకబెట్టిన శనగలు చెరిసగం తిన్నారు. ఇవాళ ఉదయం టీచరు కనిపించలేదు. ఇప్పుడు కూడా కనిపించలేదు. 'మా చెల్లెలింటి మీదుగా వెళ్తున్నాను, మీరు వెళ్లండి' అని ఫోనులో మెసేజి ఉంది. పెద్దమేడానికి ఒకరకంగా ఊపిరి పీల్చుకున్నట్టయింది. అందుకు తనమీద తనకే రోత పుట్టింది.

మూడోరోజు మధ్యాహ్నం భోజనం మానేసి డైరెక్టరు గది ముందు కూర్చుంది. లోపలికి పిలిచేసరికి రెండు కావచ్చింది. డైరెక్టరు మర్యాదస్థుడు. కూర్చోమన్నాడు. మంచినీళ్లు ఇప్పించాడు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"మీ బాధ అర్థమైందమ్మా. ఒక్క నిమిషం," అని కంప్యూటరులో ఏదో వెతికి, తెరను ఆమెవైపు తిప్పాడు. వీడియోతోపాటు ఆమె పంపిన ఫారం అది. ఆయన వేలు ఇరవై మూడో గడి దగ్గర ఆగింది. 'వీడియోను శిక్షణలో వాడుకునేందుకు ఉపాధ్యాయుని అంగీకారం తీసుకున్నాను.' పక్కన టిక్కు.

ఆరోజు ఆమెకు బాగా గుర్తుంది. అదే ఆఖరి తేదీ. నెట్టు నత్తనడక నడుస్తోంది. నలభై గడులు పూర్తయితే తప్ప పేజీ కదలదు. బయట ఇద్దరు తల్లులు ఏదో తగువుతో ఎదురుచూస్తున్నారు. మొదటి నాలుగు చదివి, మిగతావన్నీ పైనుంచి కిందిదాకా టకటకా నొక్కుకుంటూ పోయింది.

"అడిగారా మరి?" అన్నాడు డైరెక్టరు.

ఆమె మంచినీళ్ల గ్లాసును బల్లమీద పక్కకి జరిపింది.

"అడగలేదని రాసివ్వండి. క్లిప్పు ఇప్పుడే తీయించేస్తాను. కాకపోతే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. మీరింకా ఇన్‌ఛార్జిలోనే ఉన్నారనుకుంటా?"

"అవునండి. రెండేళ్లయింది."

"పర్మనెంటు ఆర్డరు ఫైలు నా బల్లమీదకే వచ్చింది. ఈ నెలలో పెట్టేద్దామనుకుంటున్నాను." ఆయన గొంతులో బెదిరింపు లేదు. ఇంటిమనిషికి మంచి చెబుతున్నట్టే ఉంది. "ఆలోచించుకోండి. మొహం తెలియదు, పేరు తెలియదు. ఇంకో రెండ్రోజుల్లో ఎవరికీ గుర్తుండదు."

ఆలోచించుకుంటానని చెప్పి లేచి వచ్చేసింది. మెట్లు దిగుతున్నప్పుడు, ఆ మాట అనడానికి తనకు ఒక్క సెకను కూడా పట్టలేదని గమనించింది.

ఇంట్లో అత్తగారు మంచంమీద ఆరిన బట్టలు పోసుకుని మడతపెడుతోంది. ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. దుప్పటి మడత పెడితే మూలలు కత్తితో కోసినట్టుంటాయి. కోడలు గుమ్మంలోనే చెప్పులు వదలకుండా నిలబడిపోవడం చూసి, "ఏంటమ్మాయ్, మొహం వాడిపోయింది?" అంది.

పెద్దమేడం కింద కూర్చుని అంతా చెప్పింది. వీడియో, గడియారం చప్పుడు, నవ్వులు, ఇరవై మూడో గడి. అత్తగారు దిండుగలీబు రెండు కొనలూ పట్టుకుని దులిపింది.

"ఆవిడకి చెప్పావా?"

"ఎవరికి?"

"ఎవరికేంటి! ఆ టీచరమ్మకి."

"ఇంకా లేదండి. ముందు క్లిప్పు తీయించేసి, అప్పుడు..."

"ఆ కుర్రాడికి చెప్పావు, ఆ పెద్దాయనకి చెప్పావు, ఇప్పుడు నాకు చెప్పావు. దెబ్బ తగిలినావిడకి తప్ప ఊరందరికీ చెప్పావన్నమాట." ఆవిడ గలీబు మడిచి పక్కన పెట్టింది. "మేం ఉద్యోగంలో చేరిన మొదటిరోజే చెప్పారు మాకు. రోగి ఒంటిమీద దుప్పటి అడక్కుండా తీయకండీ అని. డాక్టరొచ్చి తీయమన్నా సరే, ముందు రోగిని అడగండీ అని. స్పృహలో లేనివాళ్లకి కూడా చెప్పే తీసేవాళ్లం. నీకెవరూ చెప్పలేదా ఆ ముక్క, ఇన్ని ట్రైనింగులకి వెళ్తావు?"

"అత్తయ్యా, రాసిస్తే ఆర్డరు పోతుంది."

"పోవచ్చు," అంది అత్తగారు. ఇంకో దుప్పటి తీసి ఒక కొన కోడలి చేతికిచ్చింది. "పట్టుకో."

నాలుగోరోజు ఉదయం సెషను మొదలవకముందే పెద్దమేడం పై అంతస్తుకు ఎక్కింది. లెక్కల టీచరు మెట్లమలుపులో, కిటికీ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. ఇరవై ఆరేళ్లుగా ఆరో తరగతికి లెక్కలే చెబుతోంది. పెద్దమేడాన్ని చూడగానే కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"టీచర్ గారూ, మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి మేడం."

"మా బ్యాచీలో ఒక వీడియో వేశారు. అది... అది మీ క్లాసుది. నేను తీసింది. అప్‌లోడ్ చేయమంటే చేశాను. దాన్ని ఇలా వాడతారని నాకు తెలీదు. రేపు రెండు బ్యాచీలకీ కలిపి వేస్తారట. మీకు ముందే చెప్పాలని..."

లెక్కల టీచరు కళ్లజోడు పెట్టుకుంది. "మాకు మొదటిరోజే వేశారు."

కింద ఎవరో తలుపు వేసిన చప్పుడు మెట్లవెంట పైకి వచ్చింది.

"మధ్యాహ్నం రెండో సెషన్లో," అంది టీచరు. "మొదట కిటికీ చూసి మన బడిలాగే ఉందే అనుకున్నాను. తర్వాత నా గొంతు వినపడింది. పక్కావిడ నవ్వుతోంది. ఇటుపక్కావిడా నవ్వుతోంది. నేను నవ్వకపోతే తెలిసిపోతుందని నేనూ నవ్వాను."

"టీచర్ గారూ..."

"తర్వాత తప్పులు రాయమని కాగితాలిచ్చారు. అందరూ అయిదో ఆరో రాశారు. నేను పద్నాలుగు రాశాను. నా క్లాసు గురించి నాకంటే ఎవరికి తెలుసు?" ఆమె సంచీలోంచి ఒక పెన్ను తీసి చూపించింది. దానిమీద శిక్షణ సంస్థ ముద్ర ఉంది. "ఫస్టు ప్రైజు. స్టేజిమీదికి పిలిచి ఇచ్చారు. చప్పట్లు కొట్టారు."

పెద్దమేడం మెట్టుమీద కూర్చుండిపోయింది. శనగలు తిన్న ఉదయం, అదేరోజు మధ్యాహ్నం. చెల్లెలింటి మీదుగా వెళ్తున్నానన్న మెసేజి. మూడురోజులు ఈ మనిషి పైన కూర్చుని అందరితోపాటు నోటుబుక్కులో నోట్సు రాసుకుంది.

"మీరు కావాలనే ఇచ్చారనుకున్నాను," అంది టీచరు. "మూడురోజులూ ఎందుకిచ్చారా అని ఆలోచించాను. మనిద్దరం ఎప్పుడైనా మాటా మాటా అనుకున్నామా అని. పోయినేడు టైంటేబుల్ దగ్గర ఎదురుచెప్పాను, అదేమోననుకున్నాను."

"కాదండీ. ఒట్టు. నేను చదవకుండా టిక్కు పెట్టాను, అంతే."

"అంతేనా?" అంది టీచరు. ఆ మాట ముందరిదాకా ఆమె గొంతు మామూలుగానే ఉంది.

పెద్దమేడం లేచింది. "రేపు నేను చెబుతాను. అందరి ముందూ లేచి చెబుతాను. మొత్తం వీడియో నా ఫోన్లో ఉంది. ఆ తర్వాత భాగం వేయమంటాను. మీరు ఎందుకు ఆగారో అందరికీ తెలుస్తుంది. జాయినయినప్పట్నుంచి నోరు విప్పని ఆ చివరి బెంచీ పిల్ల ఆరోజే మొదటిసారి మాట్లాడింది కదా!"

"ఏం మాట్లాడింది?"

పెద్దమేడానికి గుర్తురాలేదు. ఆ సమయంలో ఫోను బ్యాటరీ చూసుకుంటోంది.

"నాలుగో వంతు పెద్దదంది," అంది లెక్కల టీచరు. "ఎందుకమ్మా అంటే, మూడుకంటే నాలుగు పెద్దది కదా అంది. తప్పు చెప్పింది. ఆ తప్పు కోసమే నేను రెండు నెలలు చూశాను. లోపల ఏం అనుకుంటోందో తెలిస్తేనే కదా చెప్పగలం. దాన్ని తీసుకొచ్చి రెండొందలమంది ముందు వేస్తారా? నన్ను చూసి నవ్వినట్టే దాన్ని చూసి నవ్వరా?"

పెద్దమేడం ఫోను కోసం సంచీలో పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీరేం చెప్పకండి. మీరు లేచారంటే మన బడి అని తెలిసిపోతుంది. మన బడి అంటే ఆరో తరగతి లెక్కలు ఎవరో తెలిసిపోతుంది. ఇంకొక్కరోజు. నేనే నవ్వేస్తాను." పైనుంచి బెల్లు వినిపించింది. టీచరు పెన్ను సంచీలో వేసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

అయిదోరోజు ఎనిమిదిన్నరకే పెద్దమేడం డైరెక్టరు గది ముందు ఉంది. ఆయన కారు దిగి రాగానే వెనకే లోపలికి నడిచి, రెండు పేరాల ఉత్తరం బల్లమీద పెట్టింది. ఆయన నిలబడే చదివాడు. ఫలానా తేదీన పంపిన వీడియోకు ఉపాధ్యాయుని అంగీకారం తీసుకోలేదనీ, తీసుకున్నట్టు తానే తప్పుగా ధ్రువీకరించాననీ, వీడియోను ఇకమీదట ఎక్కడా వాడవద్దనీ రాసి ఉంది. ఎక్కడా టీచరు పేరు లేదు.

"ఇది ఫైల్లోకి వెళ్తుందమ్మా."

"తెలుసండి."

"మీ ఆర్డరు ఫైలు కూడా ఈ బల్లమీదే ఉంది."

"రెండూ ఒక్కచోట ఉండటమే మంచిదండి. వెతుక్కోనక్కర్లేదు."

డైరెక్టరు ఉత్తరంమీద తేదీ ముద్ర వేశాడు. క్లిప్పు తీసేయమంటానని గాని, తీయనని గాని చెప్పలేదు. ఫోను మోగితే అందుకున్నాడు.

పదకొండింటికి పెద్దహాలు నిండిపోయింది. టీచర్లను ముందువరసల్లో, హెడ్డులను వెనకవరసల్లో కూర్చోబెట్టారు. పెద్దమేడానికి నాలుగువరసల ముందు లెక్కల టీచరు వీపు కనిపిస్తోంది. నిటారుగా కూర్చుంది. డైరెక్టరు వేదిక పక్కన కుర్చీలో ఉన్నాడు. దీపాలు తగ్గించారు. రిమోటు ఒక్కో స్లయిడూ మార్చుకుంటూ వచ్చాడు. మొదటి క్లిప్పు వేశాడు. రెండో క్లిప్పు వేశాడు. తెరమీద '3' అన్న అంకె పడింది.

పెద్దమేడం కుర్చీ చేతిని పట్టుకుంది. కిటికీ ఇప్పుడొస్తుంది. అట్ట, ఎర్రసున్న.

అంకె అలాగే ఉండిపోయింది.

"ఈ క్లిప్పు ఇవాళ లేదు," అన్నాడు రిమోటు.

"అయ్యో! గడియారం టీచరేరీ?" వెనకనుంచి మీసాలాయన అరిచాడు. హాలంతా నవ్వింది. ముందువరసల్లో కూడా భుజాలు కదిలాయి. నాలుగువరసల ముందున్న వీపుకూడా, ఒక్కసారి, అందరితోపాటు కదిలింది.

ఆ భుజాల కదలిక చూసి పెద్దమేడం సగం లేచింది. మోకాళ్లు నిటారు కాకముందే, 'మీరు లేచారంటే' అన్న మాట చెవిలో పడ్డట్టయి మళ్లీ కూర్చుంది. లేచి చెప్పేస్తే తన గుండె తేలికపడుతుంది. ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో తెలుసు.

రిమోటు నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా నిలబడి, "అంగీకారం లేకుండా పంపిన వీడియో అది. అందుకే తీసేశాం," అన్నాడు. తర్వాత చేతిలోని వస్తువును బల్లమీద పెట్టేశాడు. ఈ అయిదురోజుల్లో అతని చెయ్యి ఖాళీగా కనిపించడం అదే మొదటిసారి. "ఆ గడియారం చప్పుడు క్లాసులోది కాదండీ. నేను కలిపాను. అది లేకుండా చూసుంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదేమో, నాకు తెలీదు."

డైరెక్టరు తలెత్తి చూశాడు. రిమోటు అటువైపు చూడలేదు.

"వెనకున్న హెడ్డులందర్నీ ఒకటి అడుగుతాను. తొంభైమంది వీడియోలు పంపారు. తొంభై ఫారాల్లోనూ అంగీకారం గడిలో టిక్కు ఉంది. నిజంగా మీ టీచరుని అడిగి పెట్టినవాళ్లు చేతులెత్తండి."

మూలనుంచి ఒక చెయ్యి లేచింది. మధ్యలో ఇంకో రెండు. కాసేపటికి మరొకటి, సగం లేచి దిగిపోయింది. మీసాలాయన వంగి బూటులేసు సవరించుకుంటున్నాడు. పెద్దమేడం చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

అప్పుడు ముందువరసల్లో ఒక టీచరు వెనక్కి తిరిగింది. ఆమె పక్కావిడ తిరిగింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక్కొక్కరే తిరిగి, తమ బడి మనిషి ఎక్కడున్నారో వెతుక్కుని, ఆ మొహంలోకి చూడటం మొదలుపెట్టారు. ఎవరూ నవ్వలేదు. నూటపదిమంది చూస్తుంటే వెనకవరసల్లో కొందరు ఫైళ్లు తెరిచారు, కొందరు ఫోన్లు తీశారు.

లెక్కల టీచరు మాత్రం తిరగలేదు. తెరమీదున్న అంకెకేసి అలాగే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం సర్టిఫికెట్లు పంచి పంపించేశారు. గేటు దగ్గర మీసాలాయన పెద్దమేడాన్ని ఆపాడు. అటూ ఇటూ చూసి, మీసం దువ్వుకుని, "అమ్మా, ఒకసారి పంపిన వీడియో వెనక్కి తీసుకోవాలంటే ఎవరికి రాయాలంటారు? మీకేమైనా తెలుసా?" అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన సర్టిఫికెట్టు కవరు వెనక రాసుకుని, ఏ జోకూ వేయకుండా వెళ్లిపోయాడు.

బస్సులో లెక్కల టీచరు ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. పెద్దమేడం ఆ సీటుదాకా వెళ్లి, పైకడ్డీ పట్టుకుని నిలబడింది. కూర్చోమని టీచరు అనలేదు. వద్దనీ అనలేదు.

"నేను మీ పేరు ఎక్కడా రాయలేదు," అంది పెద్దమేడం చివరికి.

"తెలిసింది," అంది టీచరు. "ఆర్డరు?"

"చూడాలి."

రెండు స్టాపులు దాటాక టీచరు సంచీని ఒళ్లోకి తీసుకుని కిటికీవైపు కాస్త జరిగింది. పెద్దమేడం కూర్చుంది.

సోమవారం మూడో పీరియడ్లో పరిశీలన ఉంది. శిక్షణనుంచి వచ్చిన వారంలోగా ప్రతి హెడ్డూ ఒక తరగతిలో కూర్చుని రిజిస్టరులో రాయాలి. వంతు ఆరో తరగతి లెక్కలది. పెద్దమేడం ఫోనును ఆఫీసు సొరుగులో పెట్టి, తాళంవేసి, మేడమెట్లు ఎక్కింది. ఇదివరకైతే తలుపు తోసుకుని వెళ్లి వెనకబెంచీలో కూర్చునేది. ఇవాళ గుమ్మం బయట ఆగి, తలుపుమీద రెండుసార్లు తట్టింది.

లోపల బోర్డుమీద ఏదో గీస్తున్న లెక్కల టీచరు తిరిగి చూసింది. పిల్లలు నలభైమంది లేచి నిలబడ్డారు. టీచరు వాళ్లను కూర్చోమని సైగచేసి గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతులనిండా సుద్దపొడి.

"ఇవాళ ఈ క్లాసుకి రావచ్చా అండీ?" అని అడిగింది పెద్దమేడం.

టీచరు చాలాసేపు ఏమీ అనలేదు. వెనక పిల్లలు గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. పెద్దమేడం ఎదురుచూసింది.

"ఇవాళ వద్దండి," అంది లెక్కల టీచరు. "నేనే పిలుస్తాను."

"అలాగేనండి," అంది పెద్దమేడం.

ఆ 'వద్దు' ఆమెకు గట్టిగానే తగిలింది. రెండేళ్లలో ఈ బడిలో ఆమెతో ఆ మాట అన్నవాళ్లు లేరు. తలుపు దగ్గరికి వేసి, మెట్లు దిగి, ఆఫీసుకు వచ్చి పరిశీలన రిజిస్టరు తెరిచింది. తేదీ వేసింది. తరగతి, పీరియడు రాసింది. చివరి గడి 'పరిశీలన జరగకపోతే కారణం'. పాత పేజీలనిండా ఆ గడిలో సెలవు, పరీక్షలు, వర్షం అని తనచేత్తో రాసినవే ఉన్నాయి.

'టీచరును అడిగాను. వద్దన్నారు' అని రాసింది. ఇంకోసారి చదువుకుని, కింద సంతకం చేసి, సంతకం కింద ఎప్పటిలాగే 'ఇన్‌ఛార్జి' అని రాసింది.